సైన్యం ఇచ్చిన కాగితంలో ఒక్క మాట
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను మిలటరీ నుండి వచ్చినవారి కాగితాల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. స్కాలర్‌షిప్పుల గురించి, పెళ్లిళ్ల దుబారా గురించి చెప్పేవారు మనలో చాలామంది ఉన్నారు. ఈ కాగితాల సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. ఎత్తితే ఎవరి ఇంటి గుట్టు బయటపడుతుందోనని అందరికీ జంకు.

సర్వీసు పూర్తిచేసి, పింఛను పుస్తకంతో, పూలదండలతో ఊరికి వచ్చినవారి గురించి నేను చెప్పనక్కరలేదు. రాత్రి బండికి చడీచప్పుడు లేకుండా దిగి, ట్రంకుపెట్టె అడుగున ఒక కాగితం దాచుకున్నవారి గురించి చెప్పదలిచాను. నౌకరీ ఏమైందిరా అని అడిగితే "మానేసి వచ్చాను" అంటాడు. తండ్రికి అంతే చెబుతాడు, భార్యకూ అంతే చెబుతాడు. ఆయన కన్నుమూసిన తర్వాత ఆ ఇల్లాలు కుటుంబ పింఛను కోసం ఆఫీసుకు పోతే, అక్కడి గుమాస్తా కాగితం చదివి "మీవారు బర్తరఫ్ అయ్యారమ్మా, మీకేమీ రాదు" అంటాడు. ఆ మాట ఆమె వినడం అదే మొదలు.

కాబట్టి ముందు ఆ కాగితం ఏమిటో తెలుసుకుందాం. 1950 నాటి ఆర్మీ చట్టం 23వ సెక్షన్ ప్రకారం, సర్వీసు ముగిసిన ప్రతి జవానుకూ, జె.సి.ఓ.కూ కమాండింగ్ ఆఫీసరు ఒక సర్టిఫికెట్ ఇవ్వాలి. ఏ అధికారి ఉత్తర్వు మీద పంపారు, ఏ కారణం చేత పంపారు, మొత్తం ఎంత కాలం పనిచేశాడు అన్నవి అందులో ఉండాలి. అది ఇంగ్లీషుతో పాటు ఆ మనిషి మాతృభాషలో కూడా ఇవ్వాలని చట్టమే చెబుతోంది. చదువు రానివాడు మోసపోకూడదనే కదా ఆ ఏర్పాటు! మన వాళ్లలో ఎంతమంది ఆ రెండో ప్రతిని అడిగి తీసుకున్నారో మీరే ఆలోచించండి.

ఇక ఆ కారణం దగ్గర వచ్చే మాటలోనే అంతా ఉంది. డిశ్చార్జి వేరు, డిస్మిసల్ అనే బర్తరఫ్ వేరు. రెండింటికీ ఉద్యోగం పోతుంది గదా, తేడా ఏమిటంటారేమో. జవానుకు సర్వీసు పింఛను రావాలంటే మామూలుగా 15 సంవత్సరాల సర్వీసు ఉండాలి. ఒకాయన 16 ఏళ్లు చేసి డిశ్చార్జి అయ్యాడనుకోండి, పింఛనుకు అర్హుడు. అదే 16 ఏళ్లు చేసి బర్తరఫ్ అయితే, పింఛను నిబంధనల ప్రకారం వెనకటి సర్వీసంతా లెక్కలో లేకుండా పోతుంది. అసాధారణ సందర్భాలలో రాష్ట్రపతి పేరిట దయతో ఇవ్వవచ్చునన్న వెసులుబాటు ఉన్నా, అది హక్కు కాదు. ఒక్క మాట తేడాతో ఒక కుటుంబం తిండి ఉంటుంది, లేదా పోతుంది.

ఆ మాట ఒకసారి పడితే ఇక చెరగదనుకుని మనవాళ్లు నోరు మూసుకుని కూర్చుంటున్నారు. అది నిజం కాదని చెప్పడానికి అమెరికాలో జరిగిన ఒక సంగతి మనవి చేస్తాను.

1906 ఆగస్టులో టెక్సాస్ రాష్ట్రంలోని బ్రౌన్స్‌విల్ పట్టణంలో ఒక రాత్రి కాల్పులు జరిగి ఒకరు చనిపోయారు. దగ్గరలోని కోటలో 25వ ఇన్‌ఫెంట్రీకి చెందిన నల్లజాతి సైనికులు ఉన్నారు. ఆ రాత్రి మావాళ్లంతా బ్యారక్‌లోనే ఉన్నారని వారి తెల్ల ఆఫీసర్లే చెప్పారు. అయినా నేరం వారి మీదే మోపారు. ఎవరు చేశారో చెప్పమంటే, తెలియనిది ఎలా చెబుతామన్నారు. కోర్టు విచారణ లేకుండానే అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ ఆ సంవత్సరం నవంబరులో 167 మందిని గౌరవం లేని డిశ్చార్జితో పంపివేశాడు. వారిలో కొందరు 20 ఏళ్లకు పైగా పనిచేసినవారు. పింఛను పోయింది, పరువు పోయింది. తర్వాత 14 మందిని మళ్లీ చేర్చుకోనిచ్చారు. మిగిలినవారు ఆ మచ్చతోనే బతికారు. 1970లో జాన్ వీవర్ అనే రచయిత ఆ సంఘటనను తవ్వి పుస్తకం రాశాడు. అగస్టస్ హాకిన్స్ అనే కాంగ్రెస్ సభ్యుడు దాన్ని పట్టుకుని ఊరుకోలేదు. చివరకు 1972లో ఆ సైన్యమే ఆ డిశ్చార్జిలను గౌరవప్రదమైనవిగా మార్చింది. అప్పటికి 66 ఏళ్లు గడిచాయి. దాదాపు అందరూ సమాధుల్లో ఉన్నారు. బతికి ఉన్న డార్సీ విల్లిస్ అనే వృద్ధుడికి తర్వాత 25,000 డాలర్లు పరిహారంగా ఇచ్చారు.

ఇందులో మనం నేర్చుకోవలసింది రెండు విషయాలు. రాసిన మాటను దిద్దవచ్చు. కానీ అడిగేవాడు ఉంటేనే దిద్దుతారు, ఆలస్యమయ్యేకొద్దీ ఆ న్యాయం అనుభవించేవాడు మిగలడు.

ఆ దేశంలో ఇప్పుడు దీనికోసం ప్రత్యేకంగా బోర్డులున్నాయి. 1944 చట్టంతో వచ్చిన డిశ్చార్జి రివ్యూ బోర్డుకు 15 సంవత్సరాలలోపు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆ గడువు దాటినవారికి రికార్డులు సవరించే మరో బోర్డు ఉంది. యుద్ధం వల్ల మనసు దెబ్బతిని తప్పు చేసినవారి దరఖాస్తులను ఉదారంగా చూడాలని 2014లో అక్కడి రక్షణమంత్రి ఆదేశించారు కూడా.

మన దేశంలో అటువంటి ప్రత్యేక బోర్డు లేదు గాని, దారి మాత్రం ఉంది. 2007లో సాయుధ దళాల ట్రిబ్యునల్ చట్టం వచ్చింది. 2009లో ట్రిబ్యునల్ పని మొదలుపెట్టింది. మన ఆంధ్ర, తెలంగాణల వారు చెన్నై బెంచికి వెళ్లాలి. సమ్మరీ కోర్టు మార్షల్‌లో బర్తరఫ్ శిక్ష పడినా అక్కడ అడగవచ్చు. కోర్టు మార్షల్ తీర్పును కొట్టివేయడానికీ, శిక్షను తగ్గించడానికీ దానికి అధికారం ఉంది. బర్తరఫ్‌ను డిశ్చార్జిగా మార్పించుకునే దారి ఇదే. ఇంకొక ముఖ్య సంగతి: మాజీ సైనికుడే కాదు, సర్వీసు విషయాలలో ఆయన మీద ఆధారపడినవారు, వారసులు కూడా అడగవచ్చని ఆ చట్టంలో ఉంది. తల్లులారా, ఈ మాట గుర్తుపెట్టుకోండి.

అయితే నేరుగా ట్రిబ్యునల్‌కు పరుగెత్తరాదు. ముందు సైన్యంలోనే పై అధికారులకు అర్జీ పెట్టుకోవాలి. ఆరు నెలలు చూసినా జవాబు రాకపోతే, ఆ మార్గం అయిపోయినట్లే లెక్క. సర్వీసు విషయాలలో తుది ఉత్తర్వు వచ్చిన ఆరు నెలలలోపు ట్రిబ్యునల్‌లో దరఖాస్తు పడాలి. ఆలస్యానికి సరైన కారణం చూపితే మన్నించవచ్చు గాని, ముప్పై ఏళ్లు ఊరక కూర్చుని ఇప్పుడు గుర్తొచ్చిందంటే కష్టం. పింఛను బకాయిల విషయంలో సుప్రీం కోర్టు 2008లో ఒక మాట చెప్పింది. ఆలస్యంగా వచ్చినవారికి హక్కు తేలినా, బకాయి మామూలుగా కేసు వేయడానికి ముందటి మూడేళ్లకే పరిమితం. అంటే సిగ్గుపడి కూర్చున్న ప్రతి సంవత్సరానికీ మనం డబ్బు కట్టుకుంటున్నామన్నమాట. ట్రిబ్యునల్ తీర్పు మీద హైకోర్టుకు పోవచ్చునని కూడా 2023లో సుప్రీం కోర్టు స్పష్టం చేసింది.

డిశ్చార్జి అయినవారికీ అన్యాయం జరగవచ్చు. జవానుకు పడిన శిక్షలు కొన్ని అతని రికార్డులో ఎర్ర సిరాతో ఎక్కుతాయి. నాలుగు ఎర్ర ఎంట్రీలు పడితే చాలు, పింఛనుకు ముందే ఇంటికి పంపే పద్ధతి ఒకటి ఉండేది. 2015లో ఫిరంగిదళ జవాను ఒకరి కేసులో సుప్రీం కోర్టు దీన్ని తప్పుపట్టింది. సైన్యం తానే 1988 డిసెంబరులో జారీ చేసిన ఆదేశాల ప్రకారం ముందు విచారణ జరపాలి, ఎంతకాలం సర్వీసు చేశాడో, ఎంత కష్టమైన చోట్ల ఉన్నాడో చూడాలి, ఎంట్రీలు లెక్కపెట్టి పంపేయరాదు అన్నది. వెనుక జీతం ఇప్పించలేదు గాని, పింఛనుకు కావలసిన సర్వీసు నిండేవరకు ఆయన ఉద్యోగంలో ఉన్నట్లే భావించమని తీర్పు చెప్పింది.

ఇప్పుడు ఇంట్లో ఏం చేయాలో చెబుతాను. సామాన్యంగా మన పిల్లలు చిక్కుల్లో పడేది సెలవు మీరడం వల్ల. తల్లికి జబ్బు చేస్తుంది, లేదా చెల్లెలి నికా కుదురుతుంది. పది రోజులు ఆగిపోదామంటారు ఇంట్లోవాళ్లు. ముప్పై రోజులు దాటితే అక్కడ కోర్టు ఆఫ్ ఎంక్వయిరీ కూర్చుంటుంది. కాబట్టి సెలవు పొడిగించమని వెంటనే రాయాలి. రాసినదానికి రసీదు ఉంచుకోవాలి. ఆసుపత్రి చీటీలు, డాక్టరు సర్టిఫికెట్లు, రిజిస్టరు పోస్టు రసీదులు ఏవీ పారేయరాదు. యూనిట్ నుండి వచ్చిన నోటీసు భయపెట్టినా సరే, దానికి రాతలో జవాబు ఇవ్వాలి. పాత రికార్డు దొరకకపోతే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో రికార్డు ఆఫీసును అడగవచ్చు. ముప్పై రోజుల్లో జవాబు చెప్పవలసిన బాధ్యత వారిది. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అర్జీ రాయడానికి సాయం చేస్తారు. ఆడవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం పొందే హక్కు 1987 చట్టంలోనే ఉంది. "ఢిల్లీలో నాకు తెలిసినవాడున్నాడు, యాభైవేలు ఇవ్వు" అనేవాడిని మాత్రం గుమ్మం ఎక్కనివ్వకండి.

బఖరా సూరాలో అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు రాసి పెట్టుకోమని, సాక్షులను ఉంచుకోమని అల్లాహ్ మనకు ఆదేశించాడు. మన మధ్య ఉన్న నాలుగు రూపాయల బాకీకే అంత జాగ్రత్త చెప్పినప్పుడు, ఒక మనిషి పదిహేనేళ్ల కష్టానికి కాగితం ఎంత అవసరమో వేరే చెప్పాలా?

చివరగా ఒక మాట. మనవాడు గనుక తప్పు చేసి ఉండడు అని నేను అనడం లేదు. దొంగతనం చేసినవాడు ఉంటాడు, తాగి తోటి జవానును కొట్టినవాడు ఉంటాడు. స్వజనులకు వ్యతిరేకమైనా సరే నిజమే చెప్పమన్నది మన దీన్. అర్జీలో అబద్ధం రాస్తే అది కేసునే ముంచుతుంది. అయితే కాగితంలో ఒక మాట చూసి మనిషిని తప్పుచేసినవాడిగా తేల్చేయడం కూడా న్యాయం కాదు. అతను చెప్పేది వినండి. సెలవు మీరిన ఇరవై రోజుల వెనుక తల్లి జనాజా ఉండవచ్చు.

కార్యవర్గానికి నాదొక విన్నపం. వచ్చే ఏడాది నుండి మన ఆఫీసులో నెలకొక ఆదివారం, ఈ కాగితాలు చదివి చెప్పడానికి ఇద్దరిని కూర్చోబెట్టండి. ఒకరు రిటైరైన సుబేదారుగారు, ఒకరు వకీలుగారు అయితే చాలు. ఎవరి కాగితం ఏమిటన్నది ఆ గది దాటి బయటకు పోరాదు. 2022 నుండి అగ్నివీరులుగా నాలుగేళ్లకు వెళ్లే కుర్రవాళ్లకు పింఛను ఎలాగూ లేదు, వారికీ ఆ కాగితం ముఖ్యమే. కాబట్టి వారికి వెళ్లేముందే ఈ నాలుగు ముక్కలు చెప్పి పంపిద్దాం.

ఏ ఇంట్లోనైనా ట్రంకుపెట్టె అడుగున అలాంటి కాగితం ఉంటే, తీయండి. అందులో ఏ తేదీ ఉందో, ఏ సెక్షన్ రాశారో, కారణం ఏమి రాశారో చూడండి. తర్వాత మా దగ్గరకు తీసుకురండి. ఫలితం అల్లాహ్ చేతిలో ఉంది, ప్రయత్నం మన చేతిలో ఉంది.