దీనమనస్సు, సిద్ధమనస్సు
(మహాసభల ఆదివారం ఉదయం క్రైస్తవ ప్రార్థనా కూటమిలో చేసిన ప్రసంగ పాఠం)



రాత్రి పొద్దుపోయేదాకా సాంస్కృతిక కార్యక్రమాలు చూసి కూడా ఉదయాన్నే ఇంతమంది ప్రార్థనకు వచ్చారు, చాలా సంతోషం. నాకిచ్చిన సమయం తక్కువ కనుక ఒక్క మాటే చెబుతాను. పరిచర్యకు దీనమనస్సు, సిద్ధమనస్సు రెండూ కావాలి. "నావల్ల ఏమవుతుందండీ" అని వెనక వరుసలో కూర్చునేవారికి దీనత్వం ఉంది, సిద్ధపాటు లేదు. మైకు ఇస్తే ఎప్పుడైనా సిద్ధమే అనేవారికి సిద్ధపాటు ఉంది, దీనత్వం లేదు. నేను ఈ రెండో రకం వాడిని.

కొన్నేళ్ళ క్రితం ఒక శుక్రవారం మా సంఘంలోని ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, అమ్మకు కంటి ఆపరేషన్ అయింది. నాలుగింటికి ఇంటికి పంపిస్తారట. నేను షిఫ్టు వదిలి రాలేను. కొంచెం తీసుకొస్తారా?" అన్నాడు. నేను ఆదివారం ప్రసంగానికి సిద్ధపడుతున్నాను. అంశం, సేవ! "వేరెవరినైనా అడుగు తమ్ముడూ, వాక్యం చూసుకుంటున్నాను" అన్నాను. ఇంగ్లీషు ముక్క రాని ఆ తల్లి, కంటికి కట్టుతో, కొడుకు వచ్చేదాకా మూడు గంటలు కుర్చీలో కూర్చుంది.

ఆదివారం ఆమె నల్లద్దాలు పెట్టుకుని గుడికి వచ్చింది. ఆరాధన అయ్యాక నా చెయ్యి పట్టుకుని, "చక్కగా చెప్పావు నాయనా" అంది. ఆమెకు సంగతి తెలియదు. తిట్టినా అంత బాధపడేవాడిని కాను.

ఆ తర్వాత నాకు పదే పదే గుర్తుకొచ్చినది బిషప్ అజరయ్యగారి జీవితం. వారు మన తెలుగువారు కారు. 1874లో తిరునెల్వేలి ప్రాంతంలో పుట్టిన తమిళులు. వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా మంచి పేరున్న మనిషి, ఆ ఉద్యోగం వదిలి 1909లో అప్పటి నిజాం రాజ్యంలోని దోర్నకల్‌కు మిషనరీగా వచ్చారు. ముప్పై అయిదేళ్ళ వయసులో తెలుగు నేర్చుకున్నారు. పండితుల సభల కోసం కాదు, పల్లెల్లోని మాల, మాదిగ కుటుంబాలతో వారి ముంగిట కూర్చుని మాట్లాడడం కోసం. 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యారు. పదవి వచ్చాక కూడా పల్లెలను వదలలేదు. 1945లో దోర్నకల్‌లోనే కన్నుమూశారు. మనం పరాయి భాష నేర్చుకున్నది ఉద్యోగం కోసం. ఆయన నేర్చుకున్నది మనవారి కోసం.

యోహాను సువార్త 13వ అధ్యాయం మనందరికీ తెలిసినదే. ఆ రాత్రి గదిలో నీళ్ళున్నాయి, పళ్ళెముంది, తువాలుంది. శిష్యులలో ఒక్కరూ లేవలేదు. ఆ పని తమది కాదనుకున్నారేమో! ప్రభువే లేచి నడుముకు తువాలు కట్టుకున్నారు.

మన ఊళ్ళలో కూడా తువాలు సిద్ధంగానే ఉంది. ఆసుపత్రికి తీసుకెళ్ళవలసిన తల్లులున్నారు, ఎవరూ తెలియక అపార్ట్‌మెంట్లలో ఒంటరిగా ఉన్న విద్యార్థులున్నారు. ఇప్పుడు ఫోన్ వస్తే నేను ముందు కారు తాళాలు వెతుక్కుంటున్నాను. ప్రసంగం ఆ తర్వాత.

ఈ కూటం అయ్యాక ఈ కుర్చీలన్నీ మడిచి పక్కన పెట్టాలట. నేను ఉంటాను. మీరు కూడా ఒక చెయ్యి వేయండి.

ప్రభువు మిమ్మును దీవించును గాక.