నడుం నొప్పి, కీళ్ళ చప్పుడు, కైరోప్రాక్టిక్

 

మన బ్యాచ్‌లో ఎవరిని కదిపినా ఇప్పుడు నడుం నొప్పి, మెడ నొప్పి కబుర్లే. ఫోన్ తెరిస్తే మెడ తిప్పి ‘టక్’మనిపించే వీడియోలు. ఆ కైరోప్రాక్టిక్ గురించి నాలుగు మాటలు చెబుతాను. నేను ఇంజనీర్ని, వైద్యుణ్ణి కాదు. చదివి తెలుసుకున్నదే చెబుతున్నాను.

గ్రీకులో ఆ మాటకు ‘చేతితో చేసేది’ అని అర్థం. 1895లో అమెరికాలోని అయోవా రాష్ట్రం, డావెన్‌పోర్ట్‌లో డి.డి. పామర్ దీన్ని మొదలుపెట్టాడు. వెన్నుపూసను సరిచేసి ఒకాయనకు వినికిడి తెప్పించానని చెప్పుకున్నాడు. చాలా రోగాలకు వెన్నుపూసలు తప్పుకోవడమే మూలమన్నాడు. ఆ సిద్ధాంతానికి శాస్త్రీయ ఆధారం దొరకలేదు.

అలాగని అంతా కొట్టిపారేయలేం. అమెరికాలో దీనికి ప్రత్యేక డిగ్రీ, లైసెన్సు ఉన్నాయి. మామూలు నడుం నొప్పికి ముందు మందులు లేని మార్గాలు చూడమని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2017లో సూచించింది. వేడి కాపడం, మర్దనలతోపాటు చేతితో వెన్ను సవరించడమూ ఆ జాబితాలో ఉంది. వినికిడి, ఉబ్బసం, బీపీ వంటివి ఆ జాబితాలోకి రావు.

ఇక ఆ చప్పుడు. తప్పిన ఎముక చోటికి చేరిన శబ్దం కాదది. కీలు సాగినప్పుడు లోపలి ద్రవంలో ఒత్తిడి తగ్గి బుడగ ఏర్పడుతుంది. మెటికలు విరిచినా అంతే. యంత్రం చప్పుడు చేసినంత మాత్రాన రిపేరు అయినట్టు కాదు కదా!

మెడ విషయంలో మరీ జాగ్రత్త. మెదడుకు రక్తం తీసుకెళ్ళే ధమనులు మెడ పూసల గుండా వెళ్తాయి. విసురుగా తిప్పితే అరుదుగానైనా ధమని చిరిగి పక్షవాతం వచ్చిన సందర్భాలున్నాయి. సెలూన్‌లో కటింగ్ అయ్యాక సరదాగా మెడ విరిపించుకునే అలవాటు మనలో చాలామందికి ఉంది. దయచేసి మానండి.

మన దేశంలో కైరోప్రాక్టిక్‌కు ప్రత్యేక చట్టబద్ధ కౌన్సిల్ లేదు. కాబట్టి బోర్డు చూసి కాకుండా, ఏం చదివారో, ఎక్కడ చదివారో అడిగి వెళ్ళండి.

కాళ్ళు తిమ్మిరెక్కినా, బలం తగ్గినా, మూత్రం అదుపు తప్పినా, నొప్పితోపాటు జ్వరం ఉన్నా, కిందపడ్డాక నొప్పి మొదలైనా, ఎముకలు గుల్లబారాయని తెలిసినా ఎవరి చేతికీ వెన్ను అప్పగించకండి. ముందు డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

‘ఎందుకు?’ అని అడగడం ఈ బడిలోనే నేర్చుకున్నాం. మన వెన్ను మీద ఎవరైనా చేయి వేసే ముందు కూడా ఆ ప్రశ్న అడుగుదాం.