కొలది సొమ్ము – మంచి కెమెరా

నేడు చేతికొక సెల్‌ఫోను ఉన్నది. ప్రతి సెల్‌ఫోనులోను ఒక కెమెరా ఉన్నది. అయినను విడిగా ఒక మంచి కెమెరా కొనవలెనను కోరిక మాత్రము మన ఇండ్లలో సన్నగిల్లలేదు. మాకు వచ్చు ఉత్తరములలో ఈ విషయమై సలహా కోరునవి తరచుగా కనబడుచుండును. వానిలో నొకటి, డిగ్రీ చదువుచున్న ఒక అమ్మాయి తండ్రి వ్రాసినది. తన కుమార్తె శుభకార్యములలో ఫొటోలు తీయు పని నేర్చుకొనుచున్నదనియు, ఆమె కొరకు కొంత సొమ్ము కూడబెట్టితిమనియు, అది పోయినచో మరల అంత సొమ్ము కూడుటకు రెండేండ్లు పట్టుననియు ఆయన తెలిపినారు. ఏది గొప్ప కెమెరా అని ఆయన అడుగలేదు. ఏది కొన్నచో నష్టపోకుందుమని అడిగినారు. అట్టి స్థితిలో నున్న ఇండ్లు అనేకము గనుక ఆ ప్రశ్ననే నేటి ప్రసంగమునకు విషయముగా గైకొంటిమి.

మేము చెప్పదలచిన దానిని ముందే చెప్పి వేయుట మంచిది. కొలది సొమ్ము గలవారు మొదట తాము తీయదలచిన ఫొటో యేదో నిశ్చయించుకొనవలెను. పిమ్మట దానికి తగిన లెన్సును ఎంచుకొనవలెను. కెమెరా బాడీని చివరకు చూడవలెను. అంగడిలో ఈ వరుస సాధారణముగా తలక్రిందులై యుండును. మొదట బాడీ నమూనా, దాని మెగాపిక్సెలుల సంఖ్య. లెన్సు సంగతి చిట్టచివర. సొమ్ము వృథా యగుట అక్కడనే ప్రారంభమగును.

డి.ఎస్.ఎల్.ఆర్. అనగా నేమో కొంచెము తెలిసికొందము. లెన్సు గుండా లోనికి వచ్చిన వెలుతురును, ఏటవాలుగా నమర్చిన అద్దమొకటి పైకి మరల్చి మన కంటికి అందజేయును. మీట నొక్కగనే అద్దము పైకి లేచును, షట్టరు తెరచుకొనును, వెలుతురు సెన్సారుపై పడి చిత్రమగును. ఫిలిము నాటి కెమెరాలలోని ఏర్పాటే ఇది. ఫిలిము స్థానమున సెన్సారు వచ్చినది. 1991లో కొడాక్ సంస్థ నికాన్ ఎఫ్3 కెమెరాను ఆధారము చేసికొని, సుమారు 1.3 మెగాపిక్సెలుల డిజిటల్ కెమెరాను అమ్మకమునకు తెచ్చినది. సామాన్యుడు దాని ధర విని తిరిగి పోవలసినదే. 2003లో కెనాన్ 300డి వచ్చి, 6.3 మెగాపిక్సెలుల కెమెరాను అమెరికాలో వేయి డాలర్ల లోపునకు దించినది. 2018 నాటికి నికాన్ డి3500, కెనాన్ 1500డి వంటి ప్రారంభశ్రేణి కెమెరాలే 24 మెగాపిక్సెలులకు చేరినవి.

ఆ 2018లోనే ఇంకొక మార్పు జరిగినది. నికాన్, కెనాన్ సంస్థలు రెండును అద్దము లేని మిర్రర్‌లెస్ కెమెరాల కొరకు క్రొత్త లెన్సు అమరికలను ప్రవేశపెట్టినవి. అటు తరువాత వారి కృషి యంతయు క్రమముగా ఆ వైపునకే మరలినది. డి3500 తయారీ కూడ నిలిచిపోయినది. డి.ఎస్.ఎల్.ఆర్. కాలము చెల్లినదని కొందరు నిరుత్సాహపడుదురు. పొదుపరికి మాత్రము ఇది మేలే. క్రొత్తవానిపై మోజుపడిన వారు పాతవానిని అమ్మివేయుచుండుటచే, మంచి కెమెరాలు తగ్గిన ధరకు చేతికి వచ్చుచున్నవి. 2018లో చక్కని ఫొటో తీసిన కెమెరా, సరిగా కాపాడబడినచో, నేడును అంత చక్కని ఫొటోయే తీయును.

ఇక మెగాపిక్సెలుల లెక్క. 24 మెగాపిక్సెలు లనగా అడ్డముగా 6,000, నిలువుగా 4,000 చుక్కలు. అంగుళమునకు 300 చుక్కల చొప్పున ముద్రించినచో 20 అంగుళముల వెడల్పు, 13 అంగుళములకు పైగా ఎత్తు గల ఫొటో వచ్చును. పెండ్లి ఆల్బములలో సాధారణముగా కనబడు 12 x 18 అంగుళముల పుటకు ఇది చాలును. ఇంకను ఎక్కువ చుక్కల కొరకు అదనముగా సొమ్ము పోయుట, నలుగురున్న ఇంటికి నలుబదిమందికి వండు గుండిగ కొనుట వంటిది.

లెన్సు విషయమున అట్లు కాదు. లెన్సుపై వ్రాసిన అంకెలను చదువ నేర్చినవాడు సగము మోసము తప్పించుకొనును. కెమెరాతో కూడ వచ్చు కిట్ లెన్సుపై 18–55 మి.మీ. అని, ఎఫ్ 3.5–5.6 అని యుండును. మొదటిది దృశ్యము ఎంత విశాలముగా లేక ఎంత దగ్గరగా కనబడునో తెలుపును. రెండవది లెన్సు ఎంత వెడల్పుగా కన్ను తెరువగలదో తెలుపును. ఈ ఎఫ్ సంఖ్య యెంత చిన్నదైన అంత ఎక్కువ వెలుతురు లోనికి వచ్చును. కిట్ లెన్సు 55 మి.మీ. వద్ద ఎఫ్ 5.6 వరకే తెరచుకొనును. 50 మి.మీ. ఎఫ్ 1.8 లెన్సు దానికంటె సుమారు పది రెట్లు వెలుతురును రానిచ్చును. 5.6ను 1.8 చేత భాగించి, వచ్చిన దానిని అదే సంఖ్యతో గుణించినచో ఈ లెక్క తేలును.

ఈ పది రెట్ల ప్రయోజన మేమి? బారసాలనాడు సాయంత్రము ఇంటిలో ఉయ్యాల మెల్లగా ఊగుచున్నదనుకొందము. ఆ గది వెలుతురులో కిట్ లెన్సుకు సెకనులో పదియవ వంతు కాలము కావలసినచో, ఎఫ్ 1.8 లెన్సుకు నూరవ వంతు చాలును. పదియవ వంతులో బిడ్డ మొగము అలుక్కుపోవును. నూరవ వంతులో కనురెప్పలు కూడ తేరుకొని కనబడును. ఐ.ఎస్.ఓ. సంఖ్య పెంచి కిట్ లెన్సుతోనే తీయవచ్చును గాని, పెంచిన కొలది బొమ్మ ఇసుక చల్లినట్లు గరుకెక్కును. అయితే ఎఫ్ 1.8కి ఒక దోషము కలదు. అంత వెడల్పుగా తెరచినపుడు స్పష్టముగా నుండు లోతు మిక్కిలి తక్కువ. ఒక్కరి మొగమునకు అది అందము. రెండు వరుసల బంధువులు నిలిచినపుడు అదే ఆపద. అపుడు ఎఫ్ 5.6కో, ఎఫ్ 8కో దించి, వెలుతురు వేరే సమకూర్చుకొనవలెను.

ఇంకొక కొలత కూడ చూడవలెను. అది మన ఇంటి గది. ఈ శ్రేణి కెమెరాల సెన్సారు 35 మి.మీ. ఫిలిము కంటె చిన్నది. అందుచే కెనాన్‌లో 50 మి.మీ. లెన్సు 80 మి.మీ. లెన్సు వలె వర్తించును. కెమెరాను నిలువుగా పట్టి, నిలుచున్న మనిషిని పాదములనుండి తల వరకు తీయవలెనన్నచో సుమారు 14 అడుగుల దూరము కావలెను. పదడుగుల గదిలో ఫొటోగ్రాఫరు గోడలో దూరవలసి వచ్చును! నికాన్ 35 మి.మీ. ఎఫ్ 1.8 లెన్సుతో అయినచో తొమ్మిది అడుగులకు కొంచెము పైగా చాలును. గొప్ప లెన్సని పేరు విని కొని, ఇంటిలో వాడలేక బీరువాలో పెట్టినవారు కలరు. కొనుటకు ముందు గది కొలిచిన మేలు.

కాబట్టి తీయదలచిన దానిని బట్టి ఏర్పాటు మారును. ఇంటిలోని పెద్దలను, పిల్లలను తీయ గోరువారికి కిట్ లెన్సుతో పాటు ఎఫ్ 1.8 లెన్సు ఒకటి చాలును. నికాన్ వారికి 35 మి.మీ., మొగములే ముఖ్యమైనచో కెనాన్ వారికి 2015లో వచ్చిన 50 మి.మీ. ఎస్.టి.ఎమ్. లెన్సు తగినవి. పక్షులపై మక్కువ గలవారికి ఇవి పనికిరావు. గుంటూరు సమీపమున ఉప్పలపాడు చెరువు వద్ద కొంగలను, గూడబాతులను తీయుటకు కెనాన్ 55–250 మి.మీ. వంటి లెన్సు కావలెను. అచ్చట ఉదయపుటెండ యున్నది గనుక ఎఫ్ 5.6 అయినను చింత లేదు. దేవాలయములు, ఊరేగింపులు, పొలములు తీయువారికి కిట్ లెన్సే చాలును. దానిని చులకన చేయరాదు. పగటి వెలుతురున ఎఫ్ 8 వద్ద అది మెచ్చదగిన పని చేయును.

సొమ్మును ఎట్లు పంచవలెను? రూపాయిని పాతకాలపు పదునారణాలుగా భావించి మేమొక లెక్క చెప్పెదము. కిట్ లెన్సుతో కూడిన వాడిన బాడీకి ఏడణాలు. రెండవ లెన్సుకును, తల త్రిప్పుటకు వీలగు ఫ్లాషుకును కలిపి ఆరణాలు. మిగిలిన మూడణాలు అదనపు బ్యాటరీకి, రెండు మెమరీ కార్డులకు, సంచికి, మరమ్మతు నిమిత్తము చేతిలో నుంచుకొనుటకు. ఈ మూడణాలను మరచి పదునారణాలు బాడీకే పోసినవారు, మొదటి శుభకార్యము నాడే అప్పు కొరకు పరుగులిడుదురు. వాయిదాలపై ఖరీదైన బాడీ కొనుట అంతకంటె ప్రమాదము. సంపాదన మొదలు కాకమునుపే వడ్డీ మొదలగును.

వాడిన కెమెరాను కొనునపుడు మొగమాటము పనికిరాదు. షట్టరు ఎన్ని మారులు పనిచేసినదో మొదట అడుగవలెను. డి3500 షట్టరును 1,00,000 మారులు నడిపి పరీక్షించినట్లు నికాన్ సంస్థ చెప్పినది. ముప్పది వేలు నడిచినదానికి భయము లేదు. తొంబది వేలు నడిచినదానికి ధర తగ్గించి అడుగవలెను. నికాన్ ఫొటో ఫైలులోనే ఈ లెక్క దాగి యుండును. పెక్కు కెనాన్ నమూనాలకు ప్రత్యేకమైన సాఫ్టువేరు కావలెను. పిదప ఎఫ్ 16 వద్ద తెల్లని గోడను తీసి, పెద్దది చేసి చూడవలెను. నల్లని మచ్చలు ధూళివైనచో తుడిపింపవచ్చును. గీతలైనచో ఆ కెమెరా వలదు. లెన్సు వెనుకనుండి టార్చి వేసి ముందునుండి చూడవలెను. సాలెగూటి దారముల వంటివి కనబడినచో అది ఫంగస్. ఎంత చవుకయైనను దానిని ఇంటికి తేరాదు. దగ్గరి వస్తువునకును, దూరపు వస్తువునకును ఫోకస్ త్వరగా కుదురుచున్నదో లేదో చూచి, అసలు బిల్లు అడిగి పుచ్చుకొనవలెను.

నికాన్ కొనువారికి ఒక హెచ్చరిక. డి3500 వంటి చిన్న బాడీలలో ఫోకస్ త్రిప్పు మోటారు లేదు. చవుకగా దొరకు పాత ఏ.ఎఫ్.–డి రకపు లెన్సులు వానికి తగిలించినచో ఫోకస్ చేతితోనే త్రిప్పుకొనవలెను. మోటారు తమలోనే గల ఏ.ఎఫ్.–ఎస్. రకము అడిగి తీసికొనవలెను.

కొన్న పిదప కాపాడుకొనుట మరియొక బాధ్యత. మన డెల్టాలలోను, సముద్రతీరమునను వానకాలపు తేమ లెన్సులకు శత్రువు. తోలు సంచిలో మూసి అటకపై నుంచరాదు. గట్టి మూత గల ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లములతో నుంచి, అప్పుడప్పుడు తీసి వాడుచుండవలెను.

ఇక ఆ తండ్రి ప్రశ్నకు సూటిగా సమాధానము. వాడిన చిన్న బాడీ, కిట్ లెన్సు, ఎఫ్ 1.8 లెన్సు ఒకటి, ఒక ఫ్లాషు – ఇంతవరకు కొనుడు. కాని వెంటనే ఒక పెండ్లిని అమ్మాయి ఒక్కతెయే ఒప్పుకొనుటకు అనుమతింపకుడు. ఈ బాడీలలో కార్డు ఒక్కటే పట్టును. ఆ కార్డు చెడినచో, బాడీ మొరాయించినచో, మాంగల్యధారణ మరల జరుగదు. ఆ రెండు కుటుంబముల వారికి మనమేమి చెప్పగలము? మొదటి సంవత్సరము అనుభవజ్ఞుల వెంట రెండవ ఫొటోగ్రాఫరుగా వెళ్ళనిండు. బారసాలలు, పుట్టినరోజులు వంటి చిన్న పనులు మాత్రము సొంతముగా చేయనిండు. ఆ ఆదాయముతో రెండవ బాడీ వచ్చిన పిదప పెండ్లి ఒప్పుకొనవచ్చును.

లెన్సులపై పెట్టిన సొమ్ము అప్పటికిని వృథా కాదు. రేపు మిర్రర్‌లెస్ కెమెరాకు మారినను, కెనాన్ పాత లెన్సులను క్రొత్త ఆర్.ఎఫ్. బాడీలకును, నికాన్ ఏ.ఎఫ్.–ఎస్. లెన్సులను జెడ్ బాడీలకును తగిలించు అడాప్టరులను ఆ సంస్థలే తయారు చేసినవి. బాడీ మారును, లెన్సు మనతో వచ్చును. మొదట లెన్సును చూడుడని మేము చెప్పుటకు ఇదియు నొక కారణము.

ఖరీదు లేని సాధన మొకటి కలదు; అది వెలుతురు. 1957లో వచ్చిన మాయాబజారు చిత్రములో ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లీ చూపిన వెన్నెలను తెలుగువారు నేటికిని చెప్పుకొనుచుందురు. ఆ వెన్నెల కెమెరా ధరలో లేదు. వెలుతురును ఎచ్చట నిలుపవలెనో ఎరిగిన చూపులో ఉన్నది. ఆ చూపు అభ్యాసముచే వచ్చును. కెమెరా కొన్న మొదటి నెల మరి యే వస్తువును కొనక, ప్రతిదినము ఉదయము ఇంటిలోని పెద్దవారిని కిటికీ ప్రక్కన గూర్చుండబెట్టి ఒక్క ఫొటో తీయుడు. నెల తిరుగునప్పటికి చేయి కుదురును, కన్ను తెరచుకొనును. ఆ పెద్దల ముప్పది ఫొటోలు ఇంటిలో మిగులును.