తొట్టిలోని పిలువని చుట్టములు



మంజీరపై 1931లో పూర్తియైన నిజాంసాగరపు మంచినీటి చేపలను మనమెఱుగుదుము. ఇంట గాజుతొట్టిలో ఉప్పునీరు నింపి సముద్రజీవులను పెంచువారికి వేఱొక చిక్కు కలదు. అందుంచిన సముద్రపు రాళ్ల బెజ్జములలో దాగి, తాము కొనని ప్రాణులును వెంటవచ్చును. అవి కనబడగనే చంపబూనుట తగదు. రాతిలోపల చచ్చిన పురుగు కుళ్లినచో నీరు చెడి, పెంచుకొన్న చేపలే నశింపవచ్చును.

రాత్రి తొట్టిలో టప్పుమను చప్పుడు వినబడెననుకొందము. ఒక డెక్క మిక్కిలి పెద్దదిగాగల రొయ్యయైనచో తఱచుగా హాని లేదు. కన్నులు నిక్కి, గొల్లభామవలె ముంగాళ్లు ముడుచుకొన్నదైనచో నత్తలను, పీతలను పగులగొట్టి తినును. దానిని వేఱుతొట్టికి మార్చవలయును.

ఇరుప్రక్కల తెల్లని నూగుగల పురుగు సాధారణముగా మిగిలిన మేతను తిని శుభ్రపఱచును. వట్టిచేత ముట్టినచో ఆ నూగు ముండ్లవలె గ్రుచ్చుకొనును. గోధుమవన్నె పువ్వువలె విచ్చుకొను ఐప్టేసియాను మాత్రము కోయరాదు. తెగిన తునకనుండియు మఱల మొలచును.

కావున రాత్రివేళ ఎఱ్ఱకాగితము చుట్టిన దీపముతో చూడుడు. పెక్కుప్రాణులు ఆ వెలుగునకు బెదరవు. రూపము, నడక, మేత గమనించి పేరు తెలిసికొనుడు. పేరెఱుగక శిక్షించుట బడిలోను తగదు, తొట్టిలోను తగదు.