పళ్ళ డాక్టరు చేసేదేమిటి? హైజీనిస్టు చేసేదేమిటి?



పళ్ళు తోముకుంటుంటే చిగుళ్ళ నుంచి నెత్తురు వస్తోందని మా పిన్ని ఏడాదిగా అంటూనే ఉంది. "నొప్పి లేదుగా" అని ఊరుకుంది కూడా. చివరికి నేనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాను. డాక్టరుగారు నోరంతా పరీక్షించి, ఎక్స్‌రే చూసి, "పీకవలసిన పన్నేమీ లేదమ్మా, గార తీయించుకుంటే చాలు" అన్నారు. గార తీయడానికి మరో అమ్మాయి వచ్చింది. పిన్ని నా చెవిలో, "అదేమిటే, డాక్టరుగారు చెయ్యరూ? ఈ నర్సు చేస్తుందా?" అంది.

ఆ అమ్మాయి నర్సు కాదు, డెంటల్ హైజీనిస్టు. ఈ వృత్తి కొత్తదేమీ కాదు. అమెరికాలో డాక్టర్ ఆల్ఫ్రెడ్ ఫోన్స్ 1906లో తన సహాయకురాలు ఐరీన్ న్యూమన్‌కు పళ్ళు శుభ్రం చేయడం నేర్పారు. 1913లో ఏకంగా బడే పెట్టారు. మన దేశంలోనూ 1948 నాటి దంతవైద్యుల చట్టం డాక్టరునూ, హైజీనిస్టునూ వేరువేరుగా గుర్తించింది.

మరి ఎవరి పని ఏది? జబ్బేమిటో తేల్చడం, పిప్పిపన్ను పూడ్చడం, పన్ను పీకడం, మందులు రాయడం డాక్టరు పని. గార తీసి పళ్ళు నునుపు చేయడం, బ్రష్ ఎలా పట్టుకోవాలో నేర్పడం హైజీనిస్టు పని. మన ఊళ్ళలో చాలాచోట్ల హైజీనిస్టు ఉండరు, రెండు పనులూ డాక్టరుగారే చేస్తారు. అందుకే మనకీ తేడా తెలియదు.

ఇంటికొచ్చాక పిన్ని, "పళ్ళ మధ్య సందులు పడ్డాయి, వదులైపోయాయి" అని గోల పెట్టింది. మనలో చాలామందికి ఇదే భయం. నిజానికి ఆ సందుల్లో ఇన్నాళ్ళూ గార నిండి ఉందన్నమాట! దాన్ని అలాగే వదిలేస్తే చిగురు జారి, లోపలి ఎముక అరిగి, పుచ్చు లేని పన్ను కూడా ఊడిపోతుంది. అరిగిన ఎముక మళ్ళీ మామూలుగా పెరగదు.

కాబట్టి చిగుళ్ళ నెత్తురును అశ్రద్ధ చేయకండి. వాపు, జ్వరం, నొప్పి ఉంటే ముందు డాక్టరుకే చూపించండి. షుగరు ఉన్నా, గర్భవతులైనా ముందే చెప్పండి. మీ పళ్ళ మీద చెయ్యి వేసేవారిని, "మీరేం చదివారు, ఏం చేస్తారు?" అని అడగడానికి మొహమాటపడకండి.

పిన్నికిప్పుడు నెత్తురు రావడం లేదు. బ్రష్ పట్టుకోవడం మాత్రం మా అందరికీ నేర్పుతోంది!