రోగక్రిములు దేహమున ప్రవేశించు మార్గములు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



దేహమును నవద్వారపురమని పెద్దలు వర్ణించిరి. కోటకు ఎన్ని బురుజులున్నను, దిడ్డివాకిలి ఒక్కటి తెరచియున్నచో శత్రువు లోపల ప్రవేశించునని గద్వాల కోటను చూచినవారికి వేరుగ చెప్పనక్కరలేదు. రోగక్రిములు కంటికి కానరాని శత్రువులు. అవి జొరబడు వాకిళ్ళు ముఖ్యముగా మూడు: నోరు, ముక్కు, చర్మము.

కలరా, టైఫాయిడు, రక్తవిరేచనములు నోటి మార్గమున వచ్చునవి. రోగి మలముతో వెడలిన క్రిమి నీటి ద్వారమునను, ఈగల కాళ్ళ వెంటను, కడుగని చేతుల వలనను మరియొకని నోటిని చేరును. కావున చేతులు కడుగుకొనుట ఆచారము మాత్రమే కాదు, ప్రాణరక్షణము.

క్షయ ముక్కు మార్గమున వచ్చును. రోగి దగ్గినపుడు సూక్ష్మమైన తుంపరలు గాలిలో తేలి ప్రక్కవారి ఊపిరితిత్తులను చేరును. ఆ క్రిమిని 1882లో జర్మనీ వైద్యుడు రాబర్ట్ కాక్ కనుగొనెను. రోగిని దూషించుట వలన ఫలము లేదు. ఇంటిలో గాలి ఆడవలెను. రోగి మందును కడదాక వాడవలెను.

చర్మము గట్టి గోడయే. కాని గాయమైనచో ధనుర్వాతపు క్రిమికి త్రోవ దొరకును. కుక్క కరచినచో పసరు పూయక, సబ్బు నీటితో పావుగంట కడిగి, వెంటనే టీకాకు పోవలెను. దోమ తన ముక్కుసూదితో ఈ గోడకు కన్నము వేయును. మలేరియా చెడుగాలి వలన వచ్చునని లోకము నమ్మియుండగా, 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాదులోనే రోనాల్డ్ రాస్ ఆ క్రిమిని దోమ కడుపులో చూచెను. 1902లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను.

ఇక పాలమూరు సీమ వృద్ధులు మరువజాలనిది నారికురుపు. నారిపురుగు పిల్లలను మ్రింగిన నీటిపురుగులు దిగుడుబావులలో నుండెడివి. ఆ నీరు త్రాగినవాని దేహములో ఆ పురుగు ఏడాది పెరిగి, మూరెడు రెండు మూరల పొడవై, కాలిని చీల్చుకొని వెలికి వచ్చెడిది. పుల్లకు చుట్టి దినమునకు కొంచెముగా లాగెడివారు. రైతు వారముల తరబడి మంచము దిగలేకపోయెడివాడు. మంట కోర్వలేక అతడు బావిలో కాలు ముంచగా, పురుగు మరల వేలకొలది పిల్లలను నీట విడిచెడిది. ఊరికి రోగమిచ్చినది ఊరిబావియే. బావికి రోగమిచ్చినది ఊరివారి కాలే.

దీనికి మందు లేదు, టీకా లేదు. అయినను నీటిని గుడ్డతో వడగట్టుట, దిగుడుబావులను చేదుబావులుగా మార్చుట, చేతిపంపులు వేయుట, బావిలో మందు చల్లుట అను పనుల చేతనే అది నశించెను. భారతదేశమున కడపటి రోగి 1996లో రాజస్థానమున కనబడెను. 2000లో దేశము ఆ రోగమునుండి విముక్తమైనదని ప్రపంచ ఆరోగ్యసంస్థ ప్రకటించెను. శత్రువును చంపు ఆయుధము లేకున్నను, వాకిలి మూసినందున కోట నిలిచినది.

నేడు ఇంటింట నల్లా ఉన్నది. కాని నల్లాగుంతలో మురుగు నిలిచి, గొట్టము పగిలియున్నచో పాత శత్రువు క్రొత్త వాకిట వచ్చును. ఆ గుంతను పూడ్చుటకు పాండిత్యమక్కరలేదు, ఒక తట్టెడు మట్టి చాలును. ఇచ్చట చదివిన యువకుడు ఇంటికి పోయి, చదువురాని అవ్వకు ఈ సంగతి చెప్పి, ఆ తట్ట నెత్తినచో, గ్రంథాలయపు ఇరువదియైదేండ్ల శ్రమ సార్థకమగును.