ఆలస్యపు బడ్జెటు – ఆగిన మందు

(కర్నూలులోని యొక పఠనమందిరమున గావించిన యుపన్యాసము)



బడ్జెటను మాట వినగనే సభలో సగముమందికి నిద్ర వచ్చునని మే మెఱుగుదుము. కావున ముందుగా నొక ముసలితండ్రి సంగతి చెప్పెదము. ఆయన జమ్మలమడుగు ప్రాంతపు నేతగాడు. కుమారునికి చిత్తవ్యాధి. ఐదేండ్లుగా మాత్రలు మ్రింగుచు, మగ్గముకడ తండ్రికి సాయపడుచుండెను. ఒక యేడు వైద్యశాలలో మాత్రలు లేవనిరి; వచ్చేనెల రమ్మనిరి. మూడవనెలలో పిల్లవాడు రాత్రివేళ ఇల్లు విడిచిపోయెను. వెదకి తెచ్చుకొనిన పిదప ఆ తండ్రి మాయొద్దకు వచ్చి, "అయ్యా, దీనికి దావా వేయవచ్చునా?" యని యడిగెను.

వేయవచ్చును. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టపు 18వ విభాగము చికిత్సను ప్రతివాని హక్కుగా జేసినది. ఆవశ్యకౌషధములు సామాజిక ఆరోగ్యకేంద్రము మొదలుకొని పై సర్కారు వైద్యశాల లన్నిటను ఉచితముగా, ఎల్లవేళల దొరకవలెనని యందున్నది. ఆ "ఎల్లవేళల" యనుమాట శాసనకర్తలు తెలిసియే వ్రాసిరి. జ్వరపుమందు నాలుగుదినములు, మనోవ్యాధిమందు పెక్కుమందికి ఏండ్లతరబడి. నడుమ మానిన రోగము తిరుగబెట్టును. కాని ఖజానా ఎల్లవేళల తెఱచియుండదు. రాజ్యాంగపు 266వ అధికరణము చొప్పున శాసనము లేనిదే సంచితనిధినుండి పైసయు తీయరాదు. మంచి నియమమే. ఐతే కావలివాడు తలుపు తీయుట మఱచిన లోనివారి గతి యేమి?

2019లో ఎన్నికలు వచ్చి మన రాష్ట్రపు పూర్తి బడ్జెటు జూలైలో వచ్చినది. 2020లో మహమ్మారి, జూన్‌లో వచ్చినది. 2021లో ఆర్డినెన్సుతో సంవత్సర మారంభించి మే 20న బడ్జెటు పెట్టిరి. 2024లో ఫిబ్రవరిని ఓట్ ఆన్ అకౌంటు, జూలై చివర మఱి నాలుగునెలలకు సుమారు 1.30 లక్షల కోట్లకు ఆర్డినెన్సు, పూర్తి బడ్జెటు నవంబరు 11న! ఏప్రిలుతో మొదలైన సంవత్సరమున ఏడునెలలు గడచినవి. ఏ యొక్క పక్షమును నిందించుట మా యుద్దేశము గాదు. పాలకులు మాఱినను జాడ్యము మాఱలేదు. నవంబరునాడు పద్దు చదివిన ఆర్థికమంత్రి పయ్యావుల కేశవ్‌గారు మన సీమవారే.

తాత్కాలికపు పద్దులో జీతములు, పింఛనులు, పాతపనులు నడచును. క్రొత్త వైద్యుని నియామకము వేచియుండును. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమమునకు కేంద్రము నూటికి 60, రాష్ట్రము 40 ఇయ్యవలెను. ఒకచేయి వెనుదీసిన రెండవదియు జంకును. ఒప్పందముపై నున్న మనశ్శాస్త్రజ్ఞుడు జీతము రాకున్న బెంగుళూరునకు పోవును. భవనము మాత్రము మిగులును. 2023 డిసెంబరులో కడపలో మానసిక చికిత్సకు క్రొత్త భవనము తెఱచిరి, సంతోషము. కాని బద్వేలు పల్లెలకు భవనము నడచిరాదు. 2022నుండి 14416కు ఫోను చేసిన టెలిమానస్‌వారు పలుకుచున్నారు; మాట దొరకును, మాత్ర దొరకదు.

పల్లెలోనే చికిత్స యను ఆలోచన మన ప్రక్కనే పెరిగినది. 1980వ దశకమున బెంగుళూరు నిమ్‌హాన్స్ వైద్యులు బళ్ళారి జిల్లాలో ప్రాథమిక ఆరోగ్యకేంద్రపు వైద్యులకు శిక్షణ నిచ్చి, మనోవ్యాధికి అచ్చటనే మందీయవచ్చునని చూపిరి. ఆ నమూనాయే 1996లో దేశపు పథకమైనది. బళ్ళారి దత్తమండలములలోనిది, 1953 వఱకు మనతో నొక రాష్ట్రమున నున్నది. అది లేనినాడు మనవారికి దిక్కు 1871లో వెలసిన విశాఖపట్టణపు చికిత్సాలయము, లేదా హైదరాబాదు ఎఱ్ఱగడ్డ. ఆ పేరును నేటికిని తిట్టుగా వాడువారున్నారు, సిగ్గుచేటు. 2015-16 నాటి జాతీయ సర్వేలో పెద్దలలో నూటికి పదిమందికి పైగా మనోవ్యాధి కనబడినది. వారిలో చికిత్స యందనివారే అధికులు.

కె.సి. కాలువ క్రింది రైతునకు మేము చెప్పనక్కరలేదు. నారెండిన పిదప వదలిన నీటిని కూడ లెక్కలో నీరనియే వ్రాయుదురు. నవంబరు పద్దును అట్టిదే. మార్చి 31న మిగిలిన సొమ్ము మురిగిపోవును. "ఖర్చు చేయలేదు గదా" యని వచ్చేయేడు తగ్గింతురు!

మేము కోరునది పెద్దదిగాదు. తాత్కాలికపు పద్దు పెట్టిననాడు మనోవ్యాధిమందులకు, ఒప్పంద సిబ్బంది జీతములకు ఏడాది మొత్తమును ముందే కేటాయింపవలెను. ప్రతి సామాజిక ఆరోగ్యకేంద్రమున మూడునెలల మందు నిలువ యుండవలెను.

ఈ మందిరపు బల్లపై నొక పుస్తక ముంచుచున్నాము. మందు లేదనిపించుకొని తిరిగివచ్చిన దినము, ఊరు, మందుపేరు అందు వ్రాయుడు, రోగిపేరు వలదు. ఫిబ్రవరి సమావేశములకు ముందు దాని ప్రతిని మన శాసనసభ్యుల కందజేసెదము. మొదటి పుటలో జమ్మలమడుగు తండ్రి చెప్పగా మేమే వ్రాసితిమి.